ఉప్పు లెక్క

భైరవపాలెం మొగ దాటాక
పక్షానికోసారి బకెట్టు దించుతాను.
బకెట్టూ తాడూ ఆఫీసువి, నావ సంగాడి తాతాలుది.
నా థర్మామీటరు తడిసేలోపే
ఆయన వేలు ముంచి నాలిక్కి రాసుకుంటాడు.

రోహిణి కార్తె. వేట నిషేధం.
ఊరి నావలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి,
మాకొక్కరికే చీటీ ఉంది.
నీటి వేడి ముప్పై ఒకటి, ఉప్పు ముప్పై నాలుగు.
"పచ్చడి జాడీలో చెయ్యెట్టినట్టుంది" అన్నాడు.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
శబరి ఎరుపు,
పైనెక్కడో తెగిన చేను గట్టు,
ఎడంకాలి రబ్బరు చెప్పు ఒకటి.
ఉప్పు నాలుగు.
తప్పు చదివానేమోనని మళ్ళీ ముంచాను.
నాలుగే.
తాతాలు పుక్కిలించి ఉమ్మాడు:
"ఇయ్యాల ఇది సంద్రం కాదమ్మా, ఏరే."

స్వాతికి గాలి తూర్పుకి తిరిగింది.
యానాం వైపు ఆడవాళ్ళు
పాత చీరల్తో చీరమేను దేవుతున్నారు.
ఉత్తరాన మేం చూడని నదుల తీపి
ఒడ్డు పట్టుకుని ఇంతదూరం నడిచొచ్చింది.
ఉప్పు ఇరవై రెండు.
గడిలో చోటు లేక పక్కన రాశాను:
"ఈయన దగ్గుతున్నాడు."

పుష్యమాసంలో పైనీరు ఇరవై ఐదు.
సీసా కట్టి పది బారలు వదిలితే
కింద ఇరవై ఏడు!
చల్లబడ్డా మునగలేదు తేలికనీరు.
బరువైన ఉప్పునీరు
తన వెచ్చదనాన్ని అడుగునే అట్టిపెట్టుకుంది.
మా సారు దీనికో పేరు చెప్పారు.
తాతాలు విని, తెడ్డు ఆపి,
"పైనున్నోళ్ళకే చలి" అన్నాడు.
"మా అమ్మ మమ్మల్ని కిందేసి గోనె కప్పి
ఆ గోనె మీద తను పడుకునేది."

మాఘంలో కాకినాడ ఆసుపత్రిలో
ఉప్పు మానమన్నారు ఆయన్ని.
చప్పిడి చారు, చప్పిడి కూర.
ఎండుచేపల బుట్ట కోడలు అటకెక్కించింది.
నాకూ గట్టిగా చెప్పింది, కనిపెట్టి ఉండమని.

చైత్రం. ఎండ నీళ్ళ మీద గుచ్చుతోంది.
బకెట్టు పైకి లాగి
నోటుబుక్కులో ఏదో వెతుకుతున్నట్టు
అటు తిరిగి కూర్చున్నాను.
చిన్న చప్పుడు, వేలు మునిగినంత.

"ముప్పై మూడు" అన్నాడు వెనక నుంచి.

గొట్టం కంటికి పెట్టుకున్నాను.
ముప్పై రెండున్నర.
రాయబోయి,
అద్దం కొంగుతో తుడిచి
మళ్ళీ చూశాను.