శుక్రారం మేరీ

మగోళ్ళు కూర్చునే గదికి వేరే వాకిలి.
దివానియా అంటారు దాన్ని.
మంగళారం రాత్రి ఎనిమిది దాటితే
బయట ఇరవయ్యారు జతల చెప్పులు,
లోపల బుఖూర్ పొగ,
మా సాంబ్రాణికి డబ్బున్న చెల్లెలు.

నేను నడిమి తలుపు దాకానే.
తట్ట అక్కడ పెడితే సిల్హెట్ పిల్లోడు అందుకుంటాడు.
మనిషికి మూడు ఇస్తికానాల చాయ,
చక్కెర జబ్బోళ్ళకు వేరే.
తొమ్మిదేండ్లైనా నాకు అరబ్బీ రాదని వాళ్ళ నమ్మకం.
ఎవరి నమ్మకాన్నీ చెడగొట్టే అలవాటు లేదు నాకు.

ఆ రాత్రి ఏదో చట్టం గురించి.
కాలేజీలో ఆడపిల్లలూ మగపిల్లలూ
ఒకే గదిలోనా, నడుమ గోడనా.
దేవుని మాటే చట్టం కావాలని ఒక గొంతు.
దేవుడు గుమాస్తాలను పెట్టుకోలేదని ఇంకో గొంతు.
ఇద్దరూ ఒకే గ్రంథంలోంచి తీస్తాండారు,
ఒకే బావిలో రెండు చేదలేసినట్టు.
తాళ్ళు మెలిపడినాయి, గొంతులు లేసినాయి.
మూలనుంచి ఎవరో సన్నగా,
"నా కూతురూ ఆడే చదువుతాంది.
దాన్నడిగినారా ఎవరైనా?"

చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.
నేను ఊపిరి బిగబట్టినా.
అబూ నాసర్, అందరికీ పెద్దాయన,
పూసలు తిప్పడం ఆపి నా దిక్కు చూసినాడు.
"తలుపెయ్యండి, చల్లగాలి పోతాంది."

ఆ పిల్లకు ఏం జవాబు చెప్పినారో
నాకు ఇప్పటికీ తెలీదు.

శుక్రారం మాది.
మొదటేడు నాకు సెలవే లేదు.
రాజోలు సలోమి చెత్తడబ్బా కాడ చెవిలో చెప్పింది:
ప్రార్థనకని అడుగు, కాదనరు.
అడిగినా.
"మసీహియ్యా?" అనింది మేడం.
తల ఊపినా అంతే. నోటితో అబద్ధం చెప్పలా.
ఆ పొద్దు అంకాలమ్మ మేరీ అయింది,
వారానికి నాలుగు గంటలు.

చర్చి గోడ నీడలో, కార్లు నిలిపే చోట,
అట్టముక్కలు పరుచుకుని మా దివానియా.
మా చాయ మేమే పోసుకుంటాం.
ఈ వారం వాదం నా మీదే.
"నమ్మకుండా మోకరించేది పాపం గాదా?"
పాలకొల్లు రూతమ్మ, చేతిలో బైబిలు.
"నమ్మినోళ్ళు మాత్రం లోపల ఏం చేస్తాండారు,
సగంమంది ఇంటికి ఫోనే గదా" అని సలోమి.
"దేవుని పేరు సెలవుచీటీ అనుకుంటివా?"
"సెలవియ్యనోళ్ళనడుగు ఆ మాట."
నేను గ్లాసు అడుగు చూస్తా కూర్చున్నా,
ఉన్నట్టుండి నా నోట్లోంచి వచ్చింది,
"మరి ఖైరున్నీసా?"

ఖైరున్నీసాది మా వీధి చివరిల్లు,
సంబేపల్లె కాడ పల్లె.
నమాజు తప్పదు, రోజా తప్పదు.
దాని దేవుడూ ఆ ఇంటి దేవుడూ ఒకరే.
అందుకే దానికి సెలవు లేదు.
"నీ నమాజుకు వంటిల్లు చాలు,
బయటెందుకు?" అన్నారంట.
ఆరేండ్లు. దాని చెప్పులు
ఇంకా కొత్తవి మాదిరే ఉండాయి.

రూతమ్మ ఫ్లాస్కు మూత బిగించింది.
బిగించినదాన్నే మళ్ళా బిగించింది.

లోపల పాట ఎత్తుకున్నారు.
పోయి మోకరించినా.
కండ్లు మూస్తే వచ్చేది ఆ తల్లే,
పసుపు మొగం, వేపమండలు,
నాకు పేరిచ్చిన అంకాలమ్మ.
చర్చిలోకి ఎట్లొస్తివమ్మా అని నేనడగలా,
నువ్వెట్లొస్తివని ఆమె అడగలా.

రాత్రి చెత్త పారేసేకాడ ఖైరున్నీసా కనపడింది,
మోచేతులదాకా పిండి.
"ఏం మాట్లాడుకుంటిరి ఈ వారం?"
"నీ గురించే."
"నన్నడక్కుండానా?" అని నవ్వింది.
డబ్బా మూత ఎత్తి పట్టుకున్నా,
అది సంచి వేసేదాకా.