కార్డులో ఇంకా నాలుగు ప్రయాణాలు

పదకొండింటికి గది ఖాళీ చెయ్యమన్నారు.
బస్సేమో రాత్రి ఎనిమిదికి.
మధ్యనున్న తొమ్మిది గంటలూ ఎవరివీ కావు,
ఇస్తాంబుల్‌వీ కావు, మావీ కావు.

వచ్చేటప్పుడు మూడు సంచులు, ఇప్పుడు అయిదు.
మంచం కిందికి వంగి సెయ్‌ఫీ వెతికితే
ఒంటి మేజోడు దొరికింది,
నిన్నంతా ఏడిపించిన బొమ్మ పడవ తాలూకు తెడ్డు దొరికింది.
పడవని రాత్రే పారేశాం.

హోటలాయన సంచులన్నీ మెట్ల కింద పెట్టనిచ్చి
పిల్లల చేతుల్లో చెరో యాపిల్ పెట్టాడు.
మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. మంచివాడు.

నేను చూడాలనుకున్నది ఒకే ఒక్కటి. దానికి సోమవారం సెలవు.
ఇవాళ సోమవారం.
ఆరు రోజులూ వేలు పట్టుకుని పిల్లలు లాగిన వైపే
వంగి వంగి చూశాను ఈ ఊరిని,
తీగబండి మెట్లు, పిల్లులు, రోడ్డు మీది గుంటలు.
నా ఎత్తు నుంచి ఇదెలా ఉంటుందో
నాకింకా తెలియదు.

పార్కులో కూర్చున్నాం. లేచాం. ఇంకో పార్కులో కూర్చున్నాం.
ఆరున్నరకి సంచులు మోసుకుంటూ రేవుకి చేరితే
మెషిన్ మీద కార్డు పెట్టి చూశాడు సెయ్‌ఫీ.
చీజ్ తూచే చెయ్యి, గ్రాము తేడా రాదు:
"నాలుగు ప్రయాణాలున్నాయి. మనం ముగ్గురం."
"నలుగురం కదా!" అంది ఎల్వాన్.
"వీడికి టిక్కెట్ లేదు. వీడు లెక్కలోకి రాడు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దోరుక్‌కి అయిదేళ్ళు. వచ్చిన రోజు నుంచీ
గేటు కడ్డీ కిందుగా దూరుతున్నాడు,
మేకపిల్ల కంచె దూరినట్టు.
మా ముగ్గురికీ కుయ్యిమన్న మెషిన్
వాడికి ఒక్కసారీ కుయ్యిమనలేదు.
మేం గమనించలేదు. వాడు గమనించాడు.
ఆఫీసులు వదిలిన జనం మధ్య, అయిదు సంచుల మధ్య
నేల మీద చతికిలబడి
"నాక్కూడా కుయ్ కావాలి" అన్నాడు.

"ఊరికే పోయేవాడికి డబ్బులు కట్టడమా?
దాచితే మళ్ళీ వచ్చినప్పుడు..."
అంటూ అంటూ తనే ఆగాడు సెయ్‌ఫీ.
ఈ ఆరు రోజుల కోసం మూడు చలికాలాలు కూడబెట్టాం.
మళ్ళీ వచ్చేసరికి వీడు కడ్డీ కింద పట్టడు.

కార్డు నేను లాక్కున్నాను.

మునివేళ్ళ మీద లేచాడు దోరుక్. అందలేదు.
ఎత్తుకోబోతే మోచేత్తో పొడిచాడు.
వెనక ఎవరో గొణిగారు, ఎవరో నవ్వారు.
గెంతాడు.
కుయ్.
కడ్డీని రొమ్ముతో తోసుకుంటూ అవతలికి పోయి
వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు,
ఏం, మీరు రారా అన్నట్టు.

పడవ మీద ఎవరం ఫొటోలు తియ్యలేదు.
ఫోనులో చోటు లేదు.
నువ్వుల రొట్టె సగం పక్షులకి వేసి సగం తనే తినేసింది ఎల్వాన్.
పిల్లలిద్దర్నీ కటకటాల దగ్గరికి తీసుకెళ్ళాడు సెయ్‌ఫీ, నాతో ఏమీ అనకుండానే.
టీ గ్లాసు వేళ్ళు కాలుస్తుంటే
పది నిమిషాలు నిటారుగా నిలబడ్డాను.
అంతే. ఉస్కుదార్ వచ్చేసింది.

బస్సు మెట్ల దగ్గర ఓ కుర్రాడు
ఎక్కేవాళ్ళ దోసిళ్ళలో నిమ్మ కొలోన్ పోస్తున్నాడు.
దోరుక్ చెయ్యి చాపలేదు.
జేబులోంచి ఖాళీ కార్డు తీసి
తలుపు ఇనుముకి ఆనించి అలాగే నిలబడ్డాడు.
వాడి వెనక మేము,
మా వెనక కార్స్ దాకా పోయేవాళ్ళంతా.
బస్సు ఏమీ అనలేదు.
కుర్రాడు కార్డుని చూశాడు, వీణ్ణి చూశాడు,
సీసా చంకలో పెట్టుకుని
ఏమాత్రం నవ్వకుండా, నోటితో,
కుయ్యిమన్నాడు.