తలుపు మూయని దొర

అభ్రకం కంపెనీ దొర బంగళా ఖాళీ చేసి పోతా పోతా
ఇనపపెట్టెలో ఏడు రీళ్లు వదిలేసినాడు.
ఏడోది ఉక్కకు అతుక్కుపోయి అచ్చు బెల్లందిమ్మ.
మిగతా ఆరూ
సైదాపురం గోడౌను గోడకు సున్నం కొట్టి
ఆపరేటర్ దస్తగిరి ఆడించినాడు.
నాకు పదేళ్లు. రీళ్లు తిరగజుట్టే పని.

తెల్లోళ్ల పాటల సినిమా, నవ్వులది.
డైరెక్టరు పేరు గోడ మీద పడింది గానీ
చదవగలిగినోడు గుమాస్తా పరంధామయ్య ఒక్కడే,
ఆయనకా రాత్రి చలిజొరం.
అందుకని ఆ మనిషిని పనిని బట్టే పోల్చుకున్నాం.

'చూడు అబ్బయ్యా,' అన్నాడు దస్తగిరి,
'వీడు పాటను ఒక్క నోట్లో ఉండనియ్యడు.'
గడ్డం గీసుకునేవాడి నోట్లో మొదలెట్టి
మెట్లు దిగే పాలవాడి ఈలలోకి,
అంట్లు తోమే పిల్ల గరిటె మీదికి,
సందు మలుపులో పోలీసు బూట్లలోకి.
ఎక్కడా తలుపు మూయడు.
కెమెరా ముందు దూరుతుంది,
మనుషులు తర్వాత వస్తారు,
చుట్టాల కంటే ముందు వాళ్ల కుక్క వచ్చినట్టు.

ప్రేమ సంగతి చెప్పేటప్పుడు
కుర్రాడి మొహం చూపించలేదు.
వేళ్ల మధ్య నలిగే టోపీ చూపించినాడు.
ఆమె ఏమందో ఇంగిలీషులో, మాకు తెలీదు.
టోపీ మాత్రం నిదానంగా నేలకు జారింది.
'ఎవుడోగానీ సిగ్గెరిగిన మనిషి,' అంది పెంచలమ్మత్త.

నాలుగో రీల్లో సౌండుపెట్టె గుటకేసి ఊరుకుంది.
గోడ మీద ముప్పై జతల కాళ్లు లేస్తా ఉండాయి,
చప్పుడు లేదు.
అభ్రకం చీల్చే చెంగమ్మ
నడుంలో కత్తి తీసి
డబ్బా మూత మీద తట్టింది.
పక్కనామె తట్టింది.
ఆ వరసంతా తట్టింది.
కుదర్లేదు.
కాళ్లు పడినాక మా చప్పుడు, ఎప్పుడూ ఒక అడుగు వెనక.
దానికే నవ్వు, ఇంజను ఆగిపోయిందనుకునేంత నవ్వు.
వెలుగుపాయలో వాళ్ల తలలు
అభ్రకం పొడితో మెరుస్తా ఉండాయి.

ఆరో రీలు ఆఖర్న
పొడుగాటి నడవ, కొసన ఒక తలుపు.
కుర్రాడికి ఆ పిల్ల దక్కిందో లేదో
బెల్లందిమ్మకే తెలియాల.
యాభై ఏళ్లు దాటినాయి.
కెమెరా లోపలికి పోయింది.
మనుషులింకా రాలేదు.