నలభై మూడో అధ్యాయం, పదిహేడో పేజీ

నా పని పూలరేకులు గీయడం.
పూలరేకులు, మెరుపులు, భళ్లున పగిలే అద్దాలు,
సిగ్గుపడ్డ కుర్రాడి ముక్కులోంచి ఎగజిమ్మే నెత్తుటి ఫౌంటెన్లు.
మనుషుల్ని ఒకబయాషి మాస్టారే గీస్తాడు.
వాళ్ల గుండెల్లో ఏది పేలినా
ఆ పేలుడు మాత్రం నాది.

నెరిమాలో, ఇస్త్రీ కొట్టు పైన మా గది.
కిందనుంచి ఆవిరి, పైన సిరా.
ఆరేళ్లుగా నెలకో అధ్యాయం చొప్పున ప్రేమ,
మధ్యలో మాస్టారి నడుంనొప్పికి సెలవులు.

అమ్మాయి పేరు కొసుజు. అంటే చిరుమువ్వ.
ఆరడుగుల రెండంగుళాలు.
ఇనపగుండు విసిరితే పక్క జిల్లాలో వెతుక్కోవాలి.
తుమ్మితే బడి కిటికీలన్నీ చప్పట్లు కొడతాయి.
అబ్బాయి ఇవావో. అంటే రాతిబండ.
ఫ్యాను మూడో నంబరు మీద పెడితే
బెంచీని గట్టిగా పట్టుకుంటాడు.
పూలు అమర్చే క్లబ్బులో ఒకే ఒక్క సభ్యుడు,
అందుకని అధ్యక్షుడు.

మొదటి అధ్యాయంలో ఆమె గుండు
అతని పూలకుండీని పిండి చేసింది.
క్షమించమని వంగింది.
వంగిన తల తగిలి అతను
రెండో అంతస్తులోంచి ఈతకొలనులో పడి,
వెల్లకిలా తేలుతూ అన్నాడు:
"ఎంత మర్యాదైన పిల్ల!"
ఆ ఒక్క బొమ్మకి నాలుగు వందల రేకులు.
నా చూపుడువేలు బూరెలా వాచింది.

ఆ తర్వాత ఏం జరగలేదు గనక!
అతనికి జ్వరమొస్తే ఆమె
కొండమీది మంచుగడ్డ తెచ్చింది, కొండతో సహా.
ఆమె మెడకని అతను అల్లిన మఫ్లరు
మూడు రైల్వే స్టేషన్లు దాటిపోయింది.
చేయీ చేయీ కలవబోయిన ప్రతిసారీ
భూకంపమో, హెడ్మాస్టరో,
జూలోంచి తప్పిపోయిన పెంగ్వినో.

ఫిబ్రవరి. రాత్రి రెండున్నర.
ఆరింటికి ప్రెస్సు మనిషి వస్తాడు.
మాస్టారు పదిహేడో పేజీని పదకొండుసార్లు చెరిపాడు.
కాగితం మీద నూగు లేచింది.
"పట్టుకున్నప్పుడు ఎవరి బొటనవేలు పైనుంటుంది?"
అని గోడనడిగాడు.
గోడ మీద పాత భార్య పంపిన క్యాలెండరు,
నిరుటిది.
"మీరిద్దరూ ఓసారి పట్టుకోండి," అన్నాడు.

మీరిద్దరూ అంటే నేనూ, నగకురా.
నీడల కాగితాలు కోసి అతికించేవాడు.
ఆరేళ్లుగా వీపూ వీపూ ఆనించి పని చేస్తున్నాం.
నాకు అతని మెడ తెలుసు,
ఊరగాయ ప్లమ్ పండు వాసన తెలుసు.
ముందువైపు పెద్దగా చూసిందే లేదు.

పట్టుకున్నాం.

ఏ అద్దమూ పగల్లేదు.
పెంగ్విన్ రాలేదు.
కేటిలు మూత ఓసారి కదిలి ఊరుకుంది.
అతని వేలికి కత్తి తెగిన చోట బ్యాండేజీ.
"కదలకండి," అన్నాడు మాస్టారు.
నలభై నిమిషాలు.
"చేయి చల్లగా ఉంది," అన్నాడు నగకురా.
"సిరా," అన్నాను.
ఎందుకన్నానో నాకే తెలీదు.

పేజీ నా బల్లకొచ్చింది.
పెద్ద చేతిలో చిన్న చేయి.
బొటనవేలు చిన్నదే పైన.
చుట్టూ తెల్లని ఖాళీ, అంతా నాకోసం,
వెయ్యి రేకులైనా పట్టేంత.
కలం ముంచాను. తీశాను. మళ్లీ ముంచాను.
మాకు నిశ్శబ్దానికి కూడా ఒక చప్పుడుంది,
బొమ్మల పక్కన రాస్తాం: షీ...న్.
ఓ మూల, చీమంత అక్షరాల్లో అదొక్కటే రాశాను.

"రేకులేవి?" అన్నాడు మాస్టారు.
"అయిపోయాయి."
వెనక ఒక కుర్చీ కిర్రుమంది.
నవ్వితే అలాగే కిర్రుమంటుంది అది.

వచ్చే నెల కొసుజు బామ్మ
హెలికాప్టర్లోంచి ఖడ్గంతో దూకుతుంది.
పేలుళ్లు బోలెడు కావాలట, ఇప్పట్నుంచే మొదలుపెట్టమన్నాడు.
పెడతాను.
ముందు అరచేతిలో ఈ బ్యాండేజీ జిగురు,
సబ్బుకి పోవడం లేదు.