తెగిన పోగుల లెక్క

పదహారేళ్లుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నాను.
ఉక్కుతాడు మీద గుడ్డ ఆనించి లాగితే
ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగినట్టు.
కొన్ని తెగినా పరవాలేదు;
ఒక లెక్క దాటితే తాడే మార్చాలి.
ఆ లెక్క నాకు కంఠతా.

ఈ రాత్రి బఫలోలో మంచు.
వంటగది బల్ల మీద నా పాత మార్కుల కాగితం.
రెండో ఏడు, రసాయనశాస్త్రం దగ్గర
గుడ్డ చిక్కుకుంది.
ప్రవేశపరీక్షలో నూట అరవై ఒకటి. వయసు నలభై రెండు.
లా స్కూలు వాళ్లకి ఎన్ని పోగుల దాకా పరవాలేదో
ఏ పట్టికలోనూ లేదు.

"వందకి ముప్ఫై" అంది డెల్ఫీన్, పెన్సిలు కొరుకుతూ.
వందకి ముప్ఫై అంటే
నేనైతే ఆ లిఫ్టుకి తాళం వేసేస్తాను.

కానీ ఆ రోజు కోర్టులో
నా రిపోర్టు గాల్లో ఊపుతూ లాయరు
"అవునా, కాదా, అంతే చెప్పండి" అన్నాడు.
అవునన్నాను.
మిగతా పదకొండు పేజీలూ గొంతులోనే ఉండిపోయాయి.
తుంటి విరిగిన ముసలాయన, మిస్టర్ ఓస్ట్రోవ్‌స్కీ,
నా వంకే చూశాడు.

దరఖాస్తులో 'ఎందుకు' అన్న గడి చాలా చిన్నది.
రాశాను, కొట్టేశాను,
మళ్లీ రాశాను.

రేపు ఏడింటికి ఆసుపత్రిలో నాలుగో నంబరు లిఫ్టు.
గుడ్డ ఉతికి ఆరేశాను.