తలకట్టు

హొంగసంద్రలో రేకుల గది. బాడుగ నాలుగున్నర వేలు,
నీళ్ళకు వేరే.
అగ్రిమెంటు రాసియ్యన్నా అంటే
ఓనరు గౌడప్ప పుల్లతో పళ్ళు కుట్టుకుంటా
"నంబికె సాల్దేనమ్మా" అన్నాడు.
సాలు, నాకైతే సాలు.
నమ్మకాన్ని స్కాన్ చేసే మిషనే
ఇంకా ఏ ఆఫీసుకూ రాలే.

గార్మెంట్స్‌లో చేరి ఎనిమిది నెల్లు. కాలర్ల లైను.
జీతం చీటీలో ఈఎస్ఐ అని
నెలనెలా తొంభై నాలుగు రూపాయలు తెగుతాయి,
దారం తెగినట్టు, సప్పుడుండదు.
మా లోహితుకు ఆయాసం ఎగదన్నిన రాత్రి
ఆ తొంభై నాలుగులన్నీ కొంగున ముడేసుకున్నట్టు
ధైర్యంగా పోయినా.

"మిస్‌మ్యాచ్" అన్నాడు కిటికీలో ఆయప్ప,
తల ఎత్తకుండానే.
ఆ మాట నాకు కొత్త గాదు.
కాలరు ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి అయితే
సూపర్‌వైజరు అదే మాటతో మొగానికి ఇసిరేస్తాడు.
విప్పి, మళ్ళీ కుడతాం.
పేరును యాడ పట్టుకుని విప్పేది?

ఆ రాత్రి ప్రైవేటులో
మాస్కు పెట్టి పొగ పీల్పించినందుకు పదకొండొందలు.
పిల్లోడు పడుకున్నాడు.
నాకు లెక్కలతో తెల్లారింది.

పొద్దున హెచ్ఆర్ పిల్ల శిల్పశ్రీ
రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి గోటితో చూపించింది.
కంపెనీ రాసుకున్నది నరసక్క.
ఆధారులో ఉండేది నర్సక్క.
ఇంగ్లీషులో ఒక్క ఏ తక్కువ.
మా బడి లెక్కన చెప్తే
ర నెత్తిన తలకట్టు ఎగిరిపోయింది.

మడకశిరలో అయివారు చెప్పేవాడు,
తలకట్టు తీసేస్తే అక్షరం పొల్లు అని.
చేటల మధ్య పెరిగిన పిల్లోళ్ళం,
పొల్లంటే మాకు వేరే చెప్పల్లా?
చెరిగితే గాలికి పోయేది.
ఇన్నేండ్లుగా గవర్నమెంటు చేటలో
నేనూ కొంత పొల్లేనని
ఎవురూ చెప్పలే.

పుట్టిన తేదీ మాత్రం రెండిట్లోనూ ఒకటే, జనవరి ఒకటి.
మా లైనులో నలభై మందికి అదే.
కొత్త సంవత్సరం నాడు ఒకే కేకు కోసి
కంపెనీ సరిపెట్టింది.

ఒక రోజు జీతం కోయించుకుని పోతే
బెంగళూరు వన్‌లో టోకెను నూటపదిహేడు.
గోడమీద కన్నడ అక్షరాలు మేనత్త బిడ్డల మాదిరి,
మొగాలు మావే, తలకట్లే వేరే.
మావి పైకి లేచుంటాయి, దువ్వని జుట్టు లాగ.
ఈళ్ళవి ఇస్త్రీ చేసినట్టు
అడ్డంగా పడుకునుంటాయి.

మూడు దాటినాక పిలిచినారు.
"హెసరు?"
చెప్పినా. కొట్టినాడు. మళ్ళీ నర్సక్క.
మళ్ళీ చెప్పినా.
నా నోటికీ ఆ పిల్లోని చెవికీ మధ్య
తలకట్టు ఎట్లో జారిపోతా ఉంది.
పెన్ను అడిగి, టోకెను ఎనక తెలుగులో రాసినా,
నాలుగు తలకట్లూ ఒత్తి ఒత్తి.
ఆ పిల్లోడు తెలుగోడు గాదు.
కాగితం కొంచెం వంచి చూసి
"న. ర. స. క్క" అని చదివినాడు.
ఈ ఊర్లో నా పేరు నిండుగా వినడం
అదే మొదలు.

సూది దిగి మచ్చ పడిన బొటనేలును
మూడోసారికి గాని మిషను ఒప్పుకోలే.
ఎన్ని దినాలంటే చెయ్యి గాల్లో తిప్పినాడు.

నెల దాటినాక శిల్పశ్రీ
"ఓటీపీ చెప్పక్కా" అనింది.
ఓటీపీ మడకశిరలో మోగింది, మా మరిది ఫోనులో.
ఆయప్ప గొర్లెనక గుట్టమీద ఉన్నాడు.
ఆరు అంకెలు గుట్ట దిగొచ్చేసరికి
వాటికి ఆయుస్సు తీరింది.
మళ్ళా రేపు, అనింది.

ఇప్పుడు కార్డుకు కాలరు ముక్కతో సంచి కుట్టినా.
నరసక్క. పొల్లు లేదు.
అడ్రసు మటుకు ఇంకా మడకశిరే.
రాత్రిపూట లోహితు రొమ్ముమీద చెయ్యేసి
ఊపిరి లెక్కపెడతా.
పైన గౌడప్ప కిటికీలో లైటు ఎలుగుతా ఉంటాది.
రేపు ఇంకోసారి అడగాల.