పద్నాలుగో అడ్డరోడ్డు

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
కింద కళ్ళజోళ్ళ షాపు, పైన రహమతున్నీసా గారి గది.
గురువారం నాలుగింటికి మెట్లెక్కుతాను.
వారమంతా నా ఎదుట కూర్చున్నవాళ్ళు
ఎవరూ నాతోపాటు ఎక్కరు.
అలా అనుకుంటాను.

ఫైల్లో పేర్లుండవు, ఊళ్ళుండవు.
ఒక అక్షరం, ఒక వయసు, ఎన్నోసారి వచ్చిందో ఒక అంకె.
ఆవిడ ఫ్యాను ఒక పాయింటు తగ్గించి
"ఊఁ, చెప్పు సువార్తా" అంటుంది.

ముప్పై నాలుగేళ్ళు, ఆరోసారి రావడం.
ఆమెకి నిద్ర లేదు.
ఆమెకి గడియ చప్పుడంటే భయం,
బయటినుంచి పడే గడియ,
ఆ పదకొండు నెలలూ రోజూ సాయంత్రం...
బాగానే చెబుతున్నాను,
శిక్షణలో నేర్పిన మాటలన్నీ వరుసలోనే వస్తున్నాయి,
"గడియ పడగానే నేను గోడ వైపు తిరిగి పడుకుని..."

"ఎవరు?"

గొంతు పెంచలేదు. పెన్ను కింద పెట్టలేదు.
"గోడ వైపు తిరిగింది ఎవరు, సువార్తా?"

కింద షాపులో ఎవరో అక్షరాలు చదువుతున్నారు,
చిన్నవి, ఇంకా చిన్నవి, తడబడుతూ.

అప్పుడు చెప్పాను ఫైల్లో లేనిది.
రాత్రి రెండింటికి లేచి మా ఇంటి గడియ తడుముతున్నాను,
అది లోపలివైపే ఉందా అని.
మా ఆయన దొంగల భయమనుకుని
తాళం కొనుక్కొచ్చాడు, ఇత్తడిది, అరచేతంత.
చూడగానే వీపంతా చెమట.
బాగుందన్నాను.

ఆవిడ ఆమె కథ అడగలేదు.
"విన్నరోజు ఎక్కడ కూర్చున్నావు?
తలుపు నీ వెనకా, ఎదురుగానా?
తర్వాత మంచినీళ్ళన్నా తాగావా, వెంటనే ఇంకొకళ్ళని పిలిచావా?"
ఇంకో ఇద్దరిని పిలిచాను.
రాసుకుంది.
"మీ అమ్మ ఏం పని చేసేది?"

మిర్చి తొడిమలు తీసేదండీ. యార్డు అవతల గోడౌన్లలో, కిలోకింత.
పొద్దున చేతులకి ఆముదం పట్టించుకుని వెళ్ళేది.
సాయంత్రం మా చిన్నోడు ఎదురు పరిగెత్తితే
రెండు చేతులూ నెత్తిమీదికెత్తి
"ఆగరా, నన్ను ముట్టుకోకు" అని అరిచేది.
దొడ్లో చీర మార్చి, మజ్జిగతో కడిగి, సున్నిపిండితో రుద్ది,
వేలు నాలిక్కి తగిలించి చూసుకుని
అప్పుడు ఎత్తుకునేది.

"పోయేదా ఘాటు?"

పూర్తిగా పోయేది కాదండీ.
కొన్ని రాత్రులు వాడు కళ్ళు నలుపుకుని ఏడ్చేవాడు.
అప్పుడు వాణ్ణి నాన్న చేతికిచ్చి
అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది.

ఆ మాట నోట్లోంచి పడ్డాకే
నాకు వినబడింది.

రహమతున్నీసా గారు చాలాసేపు కదల్లేదు.
కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది.
"ఇది నేను కూడా తీసుకెళ్ళాలి" అంది
నాతో కాదు, కాగితంతో.
నెలకోసారి ఆవిడ బెజవాడ పాసింజరెక్కుతుందని తెలుసు,
అక్కడ ఒక పెద్దాయన ఎదుట తన ఫైలు తెరుస్తుందని.
ఆయన ఎవరి దగ్గరికెళ్తాడో ఎప్పుడూ అడగలేదు.

"ఏడోసారికి కుర్చీలు జరుపు, తలుపు ఇద్దరికీ కనబడేలా.
ఆమె తర్వాత అరగంట ఎవరినీ పెట్టకు.
తాళం వాపసిచ్చెయ్. ఎందుకో మీ ఆయనకి చెప్పు.
ఆమె సంగతి కాదు. నీది."
"మరి అమ్మది?"
"అది వచ్చే గురువారం. ఐదైంది."

మెట్లు దిగాను.
షాపాయన ఓ ముసలాయన ముక్కుమీద అద్దాలు మారుస్తున్నాడు.
"ఇప్పుడెలా ఉంది? ఇందాకటిదా, ఇదా?"
"మళ్ళీ పెట్టు" అంటున్నాడు ముసలాయన.

ఆటో కోసం ఎండలో నిలబడి
ఎవరూ చూడట్లేదనుకుని
వేలు నాలిక్కి తగిలించి చూసుకున్నాను.
ఉప్పు.
కాస్త కారం కూడా. మార్చి నెల కదా,
ఈ ఊళ్ళో గాలే అంత.